చంటిబిడ్డకు మందు ఆగినప్పుడు – 3వ పాఠం: తాగడం, పడుకోవడం, ఊరుకోవడం

కడుపుతో ఉన్నప్పుడు తల్లి వాడిన నల్లమందు జాతి మందు, పుట్టగానే బిడ్డకు అందడం ఆగిపోతుంది. దాంతో బిడ్డ పడే ఇబ్బందే ఈ పాఠాల సంగతి. ట్రమడాల్ నొప్పి బిళ్ళలో, కోడీన్ దగ్గుమందో, ఆ అలవాటు మానడానికి ఇచ్చే బుప్రెనార్ఫినో, తల్లి వాడినది ఏదన్నది చిన్నబుచ్చకుండా అడిగి రాసుకోవడం కిందటి పాఠంలో చూశాం. ఇక బిడ్డ దగ్గరికి వద్దాం.

వణుకుతోంది, కీచుగా ఏడుస్తోంది. ముందు షుగర్ చూడండి. ఇన్ఫెక్షన్ ఉన్నా, కాల్షియం తగ్గినా బిడ్డ ఇలాగే ఉంటుంది. వణికే చేతిని మెల్లగా పట్టుకోండి. ఆగిందా, వణుకే. మీ పట్టులో కూడా కొట్టుకుంటోందా, ఫిట్స్ కావచ్చు, డాక్టరుగారిని పిలవండి.

మందు ఆగిన బిడ్డ లక్షణాలకు మార్కులు వేయడానికి 1975లో అమెరికా వైద్యురాలు లోరెట్టా ఫినెగన్ ఇచ్చిన పట్టికలో తుమ్ముకీ ఆవలింతకీ కూడా మార్కులుంటాయి. మార్కుల కోసం పడుకున్న బిడ్డను లేపడం నాకు మొదటి నుంచీ నచ్చదు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు దాన్ని మూడు ప్రశ్నలకు కుదించారు: వయసుకు తగ్గట్టు పాలు తాగుతోందా? గంటసేపు లేవకుండా పడుకుంటోందా? ఏడిస్తే పది నిమిషాల్లో ఊరుకుంటోందా? అక్కడి 26 ఆసుపత్రుల్లో పరీక్షించి 2023లో ప్రచురించిన ఫలితం ఇది: బిడ్డ ఇంటికి వెళ్ళేందుకు సిద్ధం కావడానికి పట్టే సమయం సగటున 14.9 రోజుల నుంచి 8.2 రోజులకు తగ్గింది.

పాల సంగతి మీకు తెలిసిందే. తొలిరోజు కొద్దిగానే తాగుతుంది, కంగారు పడొద్దు. తల్లిపాలు ఇవ్వొచ్చా అన్నది ఆమె వాడిన మందును బట్టి డాక్టరుగారు చెబుతారు.

అసలు పని ఊరుకోబెట్టడంలో ఉంది. ఒకేసారి ఎత్తి ఊపేయకండి. మొదట చిన్న గొంతుతో మాట్లాడండి. తర్వాత గుండె మీద అరచెయ్యి, చేతులు దగ్గరికి ముడవడం, అప్పుడు ఎత్తుకోవడం, చివరకు తల్లి ఒంటికి ఆనించి కంగారూ పద్ధతి. పొత్తిళ్ళకు పాత నేతచీర ముక్క చాలు. మే నెల కోనసీమ ఉక్కలో మందపాటి తువ్వాలు చుడితే ఒళ్ళు వేడెక్కి, అదే ఏడుపవుతుంది.

మన వైపు బాలింతను ఒంటరిగా వదలరు, అమ్మమ్మగారు ఉంటారు. ఈ వరస ఆవిడకీ నేర్పండి. కూతురి మందుల సంగతి ఆవిడకు తెలియకపోవచ్చు, మీ నోటి నుంచి తెలియకూడదు కూడా. “బిడ్డ తొందరగా బెదురుతోందండీ, చప్పుడు లేకుండా చూద్దాం” అంటే చాలు. వస, తేనె, గ్రైప్ వాటర్ మాత్రం నాకించనివ్వకండి.

అభ్యాసం: ఒక బిడ్డ పక్క మంచం మానిటర్ మోతకు నలభై ఐదు నిమిషాలకే లేచింది. మరో బిడ్డ కడుపు నిండి, చీకటి గదిలో తల్లి గుండె మీదే ఉన్నా ఇరవై నిమిషాలుగా ఊరుకోవడం లేదు. ఆ మూడు ప్రశ్నల చార్టులో ఎవరికి ‘లేదు’ రాస్తారు?

రెండో బిడ్డకే. మొదటి బిడ్డ లేచింది మోత వల్ల, మందు ఆగినందువల్ల కాదు. మోత తగ్గించి మళ్ళీ చూడండి. రెండో బిడ్డ విషయంలో డాక్టరుగారిని, తల్లిని కూర్చోబెట్టుకుని, ఆలనలో ఇంకేం పెంచగలమో ముందు చూడండి. అప్పటికీ కుదరకపోతే మార్ఫిన్, అది నాలుగో పాఠంలో.