పేరు మారిన ప్యాకేజీకి అప్‌గ్రేడ్ నోట్: పాత పేరు కిందే రాయండి

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు తిరుపతి ఊరు అంగుళం కదల్లేదు, అడ్రసులో మాత్రం చిత్తూరు జిల్లా పోయి తిరుపతి జిల్లా వచ్చింది. సూళ్లూరుపేట పేరు మారలేదు, కానీ వాళ్లకు కలెక్టరేటు నెల్లూరు నుంచి ఇటు మారింది. లినక్స్ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల్లోనూ ఈ రెండు రకాలే. కొన్నింటికి పేరు మారుతుంది, కొన్నింటికి అవి దొరికే చోటు మారుతుంది. నోట్ మొదటి వాక్యంలోనే ఇది ఏ రకమో చెప్పేయాలి, ఎందుకంటే చేయాల్సిన పని వేరు.

చోటు మారడానికి ఉదాహరణ డెబియన్ అనే లినక్స్‌లో 12వ వెర్షన్. వైఫై ఫర్మ్‌వేర్ లాంటివి నాన్-ఫ్రీ విభాగం నుంచి నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే కొత్త విభాగానికి వెళ్లాయి. ప్యాకేజీలు ఎక్కడి నుంచి తేవాలో చెప్పే సోర్సెస్ లిస్టులో ఆ పదం చేర్చకపోతే పాత ఫర్మ్‌వేర్ పనిచేస్తూనే ఉంటుంది, అప్‌డేట్లు మాత్రం రావు. ఈ రకానికి నోట్ రెండు లైన్లు చాలు: ఏ లైన్లో ఏ పదం చేర్చాలి, తర్వాత ఆప్ట్ అప్‌డేట్ (ఆప్ట్ అంటే డెబియన్‌లో ప్యాకేజీలు వేసే, తీసే కమాండు).

పేరు మారినదానికే అసలు శ్రమ. గాంధీ రోడ్డులో షాపు ఖాళీ చేసినవాళ్లు షట్టర్ మీద "ఫలానా చోటికి మారాము" అని కాగితం అంటించినట్టు, డెబియన్ పాత పేరుతో ఒక ఖాళీ ప్యాకేజీని ఉంచుతుంది. దాని పనల్లా కొత్తదాన్ని లాక్కురావడమే. నోట్ ఎప్పుడూ పాత పేరు కిందే ఉండాలి. మెషీన్ ముందు కూర్చున్నవాడి చేతిలో ఉండేది పాత పేరు, ఒక ఎర్రర్ లైను, అంతే. కొత్త పేరు తెలిసుంటే మీ నోట్ దాకా రాడు. ఆ ఎర్రర్ లైనును కూడా తెరమీద ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఎక్కించండి.

కాలేజీ ల్యాబ్ మెషీన్లకు రాసే నోట్ ఇలా ఉండొచ్చు (పాలసీకిట్ అంటే ఏ యూజర్ ఏ పని చేయొచ్చో తేల్చే ప్రోగ్రాం, పీకేఎల్ఏ దాని పాత రకం రూల్స్ ఫైలు):

"పాత పేరు: పాలసీకిట్-1. కొత్తవి రెండు: పోల్‌కిట్‌డి, పీకేఎగ్జెక్. డెబియన్ 12 నుంచి. సర్వీసు పేరు మారలేదు, పోల్‌కిట్ అనే ఉంది. పీకేఎల్ఏ ఫైళ్లలో రాసుకున్న మన రూల్స్ ఇక వాటంతటవి పనిచేయవు. రూల్స్.డి ఫోల్డర్లో జావాస్క్రిప్ట్ రూపంలో తిరగరాయాలి. అప్పటిదాకా పోల్‌కిట్‌డి-పీకేఎల్ఏ ప్యాకేజీ వేయాలి. పరీక్ష: విద్యార్థి లాగిన్‌తో పెన్‌డ్రైవ్ మౌంట్ చేసి చూడాలి."

ఇందులో పేర్ల కంటే విలువైనది పీకేఎల్ఏ వాక్యం. ప్యాకేజీ చక్కగా ఎక్కుతుంది, ఎర్రర్ ఏదీ రాదు, ల్యాబ్ పరీక్ష రోజున మాత్రం పెన్‌డ్రైవ్ పాస్‌వర్డ్ అడుగుతుంది.

కమాండు రాసేటప్పుడు ఏ అప్‌గ్రేడో స్పష్టంగా చెప్పండి. ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్ కొత్త ప్యాకేజీని వేయదు కాబట్టి పేరు మారినది "కెప్ట్ బ్యాక్" (ఆపి ఉంచినవి) జాబితాలో చిక్కుకుంటుంది. ఆప్ట్ అప్‌గ్రేడ్ కొత్తవి వేస్తుంది గానీ పాతవి తీయదు. పాతది తీస్తేనే కొత్తది ఎక్కేచోట ఫుల్-అప్‌గ్రేడ్ కావాలి. ముందు హైఫన్ ఎస్ పెట్టి ఉత్తుత్తిగా నడిపి, తీసేవాటి జాబితా చదవమని రాయండి. చాలామంది దాటేసేది ఇదే.

"ట్రయింగ్ టు ఓవర్‌రైట్" అని డీపీకేజీ (ఆప్ట్ వెనక ప్యాకేజీని నిజంగా ఎక్కించే ప్రోగ్రాం) ఆగిపోతే, ఒకే ఫైలు పాత ప్యాకేజీలోనూ కొత్తదానిలోనూ ఉందని అర్థం. కొత్తదాన్ని తయారుచేసినవాళ్లు, ఇది పాతదాని స్థానంలో వస్తుందని చెప్పే రీప్లేసెస్, బ్రేక్స్ లైన్లు పెట్టడం మరిచారు. బయటి రిపాజిటరీల్లో ఇది మామూలే. ఫోర్స్ ఆప్షన్ రాయకండి, పాతదాన్ని రిమూవ్ చేసి కొత్తది వేయమనండి. కాన్ఫిగ్ ఫైళ్లతో సహా తీసేసే పర్జ్ మాత్రం వద్దు. పాత ప్యాకేజీ పర్జ్ స్క్రిప్టు కొత్తది వాడుకుంటున్న కాన్ఫిగ్ ఫోల్డర్‌నే ఊడ్చేయవచ్చు.

ఖాళీ ప్యాకేజీని తీసేసే ముందు కొత్త పేరుకు ఆప్ట్-మార్క్ మాన్యువల్ (ఇది మనం కావాలని వేసుకున్నదే అని గుర్తు పెట్టే కమాండు) కొట్టించాలి. ఓల్డ్‌లిబ్స్ విభాగంలోని ఖాళీ ప్యాకేజీలకు ఆప్ట్ ఈ పని తనే చేస్తుంది. బయటివాళ్లు ఆ విభాగం సరిగ్గా పెట్టకపోతే, ఎవరికీ అక్కర్లేదనుకున్నవి తీసేసే తర్వాతి ఆటోరిమూవ్‌లో కొత్తది కూడా కొట్టుకుపోతుంది. ఇలాగే హోల్డ్‌లు, పిన్‌లు (వెర్షన్ మారకుండా పెట్టుకున్న కట్టుబాట్లు) పాత పేరుకే అతుక్కుని ఉంటాయి. షోహోల్డ్ చూసి కొత్త పేరుకు మళ్లీ పెట్టాలి. చాలా మెషీన్లను ఒకేసారి సెట్ చేసే యాన్సిబుల్ ఫైళ్లలోనూ, వేళకు వాటంతటవి నడిచే క్రాన్ స్క్రిప్టుల్లోనూ పాత పేరును గ్రెప్ కమాండుతో వెతికించండి.

పైథాన్‌లో చాలాసార్లు షట్టర్ మీద కాగితం కూడా ఉండదు. పీడీఎఫ్ ఫైళ్లతో పనిచేసే పైపీడీఎఫ్2 ప్యాకేజీ 3.0.1 వెర్షన్‌తో ఆగిపోయి పైపీడీఎఫ్ పేరుతో కొనసాగుతోంది. పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో పాత పేరును ఎంత అప్‌గ్రేడ్ చేసినా "ఆల్రెడీ శాటిస్‌ఫైడ్" అంటుందే తప్ప కొత్తదాని వైపు తీసుకుపోదు. ఇక్కడ ఇంపోర్ట్ లైనూ మారుతుంది కాబట్టి నోట్‌లో ఇన్‌స్టాల్ పేరు, ఇంపోర్ట్ పేరు విడివిడిగా రాయండి. కావాల్సిన ప్యాకేజీల జాబితా ఉండే రిక్వైర్‌మెంట్స్ ఫైలులోంచి పాత పేరును కొట్టేయమని కూడా చెప్పండి, లేకపోతే కొత్త మెషీన్ కట్టిన ప్రతిసారీ అది తిరిగొస్తుంది.