పాయింట్లతో ఇండియా టికెట్ – 5వ పాఠం: సీటు కనబడ్డాకే పాయింట్లు కదపండి

ఈవారం హోటళ్ళ సంగతి చెబుతానన్నాను. అది వాయిదా.

ఎందుకంటే పోయిన పాఠంలో ట్రాన్స్‌ఫర్ బోనస్ (క్రెడిట్ కార్డు పాయింట్లు ఎయిర్‌లైన్‌కి పంపితే అదనంగా ఇచ్చే మైళ్ళు, అంటే ఆ ఎయిర్‌లైన్ సొంత పాయింట్లు) గురించి రాశానా, రాసిన నాలుగు రోజులకే ఒక ఎయిర్‌లైన్‌కి 30 శాతం బోనస్ వచ్చిపడింది. మీలో చాలామంది కార్డులో ఉన్న పాయింట్లన్నీ ఊడ్చి అటు పంపేసి, ఆ తర్వాత "ఇప్పుడు టికెట్ ఎలా చేయాలండీ" అని నన్నడిగారు. ఒకాయన 1,10,000 పాయింట్లు పంపితే 1,43,000 మైళ్ళయ్యాయి. చూసుకుని మురిసిపోయారు. డిసెంబరు 18న డాలస్ నుంచి హైదరాబాద్‌కి నలుగురికి వెతికితే ఒక్క సీటు లేదు. జనవరి 9న ఉంది, ఒకటే ఉంది. అంటే పిల్లల సెలవులు అయిపోయాక, నలుగురిలో ఒకరు వెళ్ళొచ్చన్నమాట. ఎవరు వెళ్ళాలని ఇంట్లో చర్చ నడుస్తోందట.

తప్పు నాదీ ఉంది. బోనస్ గురించి మూడు పేరాలు ఊదరగొట్టి, "సీటుందో లేదో చూసుకోండి" అని చివర్లో ఒక్క వాక్యం రాశాను. అందుకే ఈ పాఠమంతా ఆ ఒక్క వాక్యమే. విసుగొస్తే కళ్ళు మూసుకుని చదవండి, కానీ చదవండి.

చేజ్ అల్టిమేట్ రివార్డ్స్, అమెక్స్ మెంబర్‌షిప్ రివార్డ్స్, క్యాపిటల్ వన్, సిటీ, బిల్ట్ – అమెరికా కార్డుల ఈ పాయింట్లు మీ దగ్గర ఉన్నంతసేపూ డబ్బాలో బియ్యంలాంటివి. అన్నం వండొచ్చు, పిండి పట్టించొచ్చు, ఇడ్లీకి నానబెట్టొచ్చు. ఎయిర్‌లైన్‌కి పంపారంటే పిండి రుబ్బేసినట్టే. యునైటెడ్‌కి పంపినవి యునైటెడ్ మైళ్ళు, ఎమిరేట్స్‌కి పంపినవి ఎమిరేట్స్ మైళ్ళు, మళ్ళీ బ్యాంకుకి రావు. ఫోన్ చేసి బతిమాలినా రావు. బ్యాంకువాళ్ళు ట్రాన్స్‌ఫర్ బటన్ పైన ఆ ముక్క రాసే పెడతారు, మనమే చదవం.

ఇంకో సంగతి. విమానంలో ఖాళీ ఉన్న ప్రతి సీటూ పాయింట్లకు దొరకదు. సగం విమానం ఖాళీగా కనిపించొచ్చు, అవార్డ్ సీటు, అంటే పాయింట్లకిచ్చే సీటు, మాత్రం సున్నా ఉండొచ్చు. ఎయిర్‌లైన్ తను డబ్బుకు అమ్ముకోలేననుకున్న కొన్ని సీట్లనే తక్కువ మైళ్ళకు వదులుతుంది, అందులోనూ సొంత మెంబర్లకు కొన్ని, భాగస్వామి ఎయిర్‌లైన్ల మెంబర్లకు ఇంకా తక్కువ. సింగపూర్ ఎయిర్‌లైన్స్ దూరప్రయాణపు బిజినెస్ సీట్లను దాదాపుగా సొంత మైళ్ళ ప్రోగ్రాం క్రిస్‌ఫ్లయర్ వాళ్ళకే ఉంచుకుంటుంది. కొన్ని ఎయిర్‌లైన్లు ఏ సీటైనా ఇస్తాయి కానీ టికెట్ ధర పెరిగినట్టే మైళ్ళూ పెంచేస్తాయి, అంటే డిసెంబరులో మామూలు 45,000 కాస్తా 1,20,000 అయి కూర్చుంటుంది. సీట్లు ఎక్కువగా కనబడేది రెండుసార్లు: షెడ్యూలు తెరిచినప్పుడు, అంటే సుమారు 11 నెలల ముందు, మళ్ళీ ప్రయాణం రెండు మూడు వారాల్లో ఉందనగా. మధ్యలో ఉన్నవాళ్ళు ఓపికగా రోజూ చూడాల్సిందే.

కాబట్టి వరస ఇది. ముందు సీటు వెతకండి. (అకౌంట్ తెరవడం, సెర్చ్‌లో మైళ్ళ గడికి టిక్ పెట్టడం వగైరా నేను చెప్పను, అంత మాత్రం తెలియకుండా ఐదో పాఠం దాకా రారు.) సీటు కనబడింది కదా అని వెంటనే నమ్మకండి. భాగస్వామి సైటులో కనిపించే సీటు కొన్నిసార్లు ఉత్తదే, క్లిక్ చేసుకుంటూ వెళ్తే చివర్లో ఎర్రర్ కొడుతుంది. దీన్ని ఫాంటమ్ సీటంటారు, మా ఆవిడ ఎండమావి అంటుంది. ఎండమావో కాదో తెలియాలంటే అదే విమానం, అదే తేదీ ఇంకో ప్రోగ్రాంలో కూడా చూడండి. స్టార్ అలయన్స్ (యునైటెడ్, ఎయిర్ కెనడా వగైరా ఉన్న ఎయిర్‌లైన్ల కూటమి) విమానమైతే ఎయిర్ కెనడా వాళ్ళ ఏరోప్లాన్‌లో, యునైటెడ్‌లో రెండు చోట్లా కనబడితే దాదాపు నిజం. తర్వాత పన్నులతో సహా మొత్తం చూపించే పేజీ దాకా వెళ్ళి చూడండి. అనుమానంగా ఉంటే ఆ ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి, విమానం నంబరు చెప్పి, ఈ సీటు మీ మైళ్ళతో ఇవ్వగలరా అని అడగండి. పదిహేను నిమిషాలు సంగీతం వినాల్సి వస్తుంది, వినండి.

ఆ తర్వాత, ఈ ట్రాన్స్‌ఫర్ ఎంతసేపట్లో పడుతుందో చూసుకోండి. చేజ్ నుంచి యునైటెడ్‌కి సాధారణంగా కాఫీ చల్లారేలోపు పడిపోతుంది. క్రిస్‌ఫ్లయర్‌కి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు, ఆ రెండు రోజులు సీటు మీకోసం ఆగదు. నాకు జరిగింది అదే. కొన్నేళ్ళ క్రితం అమ్మ కోసం 80,000 పాయింట్లు ఒక ఎయిర్‌లైన్‌కి పంపాను, సోమవారం రాత్రి రెండు సీట్లున్నాయి, మైళ్ళు పడింది బుధవారం పొద్దున, అప్పటికి ఒక్కటీ లేదు. తర్వాత చేద్దాంలే అనుకున్నాను, ఈలోగా కోవిడ్ వచ్చింది, మూడేళ్ళ గడువు దాటి ఆ మైళ్ళు మురిగిపోయాయి. అప్పట్నుంచీ మెల్లగా పడే ప్రోగ్రాంల జోలికి, సీట్లు ధారాళంగా ఉంటే తప్ప నేను వెళ్ళను.

పంపేటప్పుడు కావాల్సినన్నే పంపండి. చేజ్‌లో వెయ్యి లెక్కన పంపాలి. 43,500 కావాలి, అకౌంట్‌లో పాతవి 600 ఉన్నాయంటే 43,000 చాలు. 50,000 పంపి రౌండ్ ఫిగర్ చేసుకోవాలన్న సరదా వద్దు. అమెక్స్ నుంచి డెల్టాలాంటి అమెరికా ఎయిర్‌లైన్‌కి పంపితే ప్రతి వెయ్యికీ 60 సెంట్ల రుసుం కూడా ఉంది, 99 డాలర్లు దాటదు.

మనవాళ్ళకే వచ్చే చిక్కు ఇంకొకటి: పేరు. మన ఇంటిపేర్లతో వచ్చిన తంటా. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి పేరంతా ఒకేచోట రాయించుకున్నవాళ్ళకు అమెరికా వీసాలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది, బ్యాంకు కార్డు మీద ఒకలా, ఎయిర్‌లైన్ అకౌంట్‌లో ఇంకోలా ఉంటుంది. బ్యాంకులో, ఎయిర్‌లైన్‌లో పేర్లు కలవకపోతే ట్రాన్స్‌ఫర్ ఆగుతుంది, సరిగ్గా మీరు తొందరలో ఉన్న రోజే ఆగుతుంది. ఇవాళే రెండూ తెరిచి పక్కపక్కన పెట్టి చూసుకోండి. పాయింట్లు మీ పేరున్న అకౌంట్‌కే వెళ్తాయి, అమ్మానాన్నల పేరున అకౌంట్ తెరిచి దానికి పంపాలని చూడకండి. మీ అకౌంట్ నుంచే వాళ్ళకి టికెట్ కొనొచ్చు. కొన్నిచోట్ల మాత్రం ముందు పేర్లు నమోదు చేయాలి, క్రిస్‌ఫ్లయర్‌లో ఐదుగురు నామినీలు దాటనివ్వరు.

ఇక లెక్క. రెండో పాఠంలో చెప్పిందే: డబ్బుతో కొంటే ఎంతో రాసి, అందులోంచి అవార్డ్ టికెట్‌కి చేతి నుంచి కట్టే పన్నులు తీసేసి, మిగిలినదాన్ని పాయింట్లతో భాగిస్తే ఒక్కో పాయింటు విలువ. పన్నులు తీసేయమని చెప్పినా సగంమంది తీయలేదు. డాలస్ నుంచి హైదరాబాద్ ఒకవైపు 780 డాలర్లనుకుందాం. ఒక దారిలో 45,000 మైళ్ళు, 60 డాలర్లు. 780లో 60 పోతే 720, దాన్ని 45,000తో భాగిస్తే 1.6 సెంట్లు. ఇంకో దారి లండన్ మీదుగా, 30,000 మైళ్ళే, కానీ చేతి నుంచి 400 డాలర్లు. 30,000 అనగానే ఎగిరి గంతేశారు. 380ని 30,000తో భాగిస్తే 1.27. మొదటిదే నయం. ఆ 400లో అసలు ప్రభుత్వ పన్ను కొంతే, మిగతాది ఎయిర్‌లైన్ వేసుకునే సర్‌చార్జ్. బ్రిటిష్ ఎయిర్‌వేస్, వర్జిన్ అట్లాంటిక్ విమానాల్లో అది గట్టిగా ఉంటుంది. యునైటెడ్ మైళ్ళతో, ఏరోప్లాన్ పాయింట్లతో కొంటే ఆ సర్‌చార్జ్ వేయరు. (ఏరోప్లాన్ భాగస్వామి విమానాలకు 39 కెనడా డాలర్లు తీసుకుంటుంది, అది భరించొచ్చు.)

ఆ 780 దగ్గర కూడా ఒక మోసం ఉంది. ఒకవైపు టికెట్ 780 ఉన్నప్పుడు రానూపోనూ 1,150 ఉండొచ్చు, ఇండియా రూట్లో ఇది మామూలే. మీరు ఎలాగూ రానూపోనూ కొనేవాళ్ళయితే ఒకవైపు అసలు విలువ 575. అప్పుడు మొదటి దారి 1.6 కాదు, 1.14 సెంట్లు. చేజ్ పాయింట్లను నగదుగా మార్చుకుంటే ఎలాగూ 1 సెంటు వస్తుంది. ఇంత కష్టపడి 1.14 తెచ్చుకోవాలా అంటే, నేనైతే డబ్బు పెట్టి కొని పాయింట్లు దాచుకుంటాను.

బిజినెస్ క్లాస్ వాళ్ళది ఇంకో లోకం. 90,000 మైళ్ళు, 110 డాలర్లు పన్ను, డబ్బుకైతే 6,200. "6.77 సెంట్లు కొట్టాను" అని గ్రూపుల్లో పెడతారు. మీరు 6,200 పెట్టి కొనేవారా? కొనరు. 780 పెట్టి ఎకానమీలో వెళ్ళేవాళ్ళు, అప్పుడు లెక్క 0.74 సెంట్లు. అలాగని బిజినెస్ వద్దనను. నాన్నకి మోకాలి ఆపరేషనై కాలు చాపుకోవాలి, దానికి నా జేబులోంచి 2,000 డాలర్ల దాకా పెడతాను అనుకుంటే 2,000 వేసి లెక్క కట్టండి: 2.1 సెంట్లు. అది నిజమైన సంఖ్య. మీ మనసు ఎంతకి ఒప్పుకుంటుందో ఆ ధర వేయాలి, వాళ్ళు స్క్రీన్ మీద రాసిన ధర కాదు.

అమ్మావాళ్ళ టికెట్లకు మాత్రం నేను సెంట్లు పట్టించుకోను. ఒక్క స్టాప్, ఒక్క ఎయిర్‌లైన్, వీల్‌చెయిర్. రెండు స్టాపులకి 8,000 మైళ్ళు తక్కువైనా ఒప్పుకోను. గల్ఫ్ మీదుగా పంపడం నాకిష్టం, పోయినసారి దోహాలో మా అమ్మ వీల్‌చెయిర్ తోసిన అబ్బాయిది జగిత్యాల, గేటు దగ్గర టీ ఇప్పించి మరీ వెళ్ళాడట. రానూపోనూ కూడా విడివిడిగా రెండు టికెట్లు చేస్తాను. ఆర్నెల్లకని వచ్చి నాలుగో నెలలోనే "ఇంక పంపించేయరా" అంటారు కదా, అప్పుడు రెండోదాన్ని మాత్రం మారిస్తే సరిపోతుంది.

సరే, ఇప్పటికే పంపేసి ఇరుక్కున్నవాళ్ళ సంగతి. ఏవియోస్ (కొన్ని ఎయిర్‌లైన్లు కలిసి వాడే మైళ్ళు) అయితే మీరు అదృష్టవంతులు. బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఖతార్, ఐబీరియా, ఫిన్‌ఎయిర్, ఏర్ లింగస్ మధ్య ఒకటికి ఒకటి లెక్కన అటూ ఇటూ మార్చుకోవచ్చు. లండన్ సర్‌చార్జ్ చూసి కళ్ళు తిరిగితే ఖతార్ అకౌంట్‌కి మార్చి దోహా–హైదరాబాద్ వెతకండి. ఫ్లయింగ్ బ్లూ (ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎంల ప్రోగ్రాం) అయితే, కేఎల్ఎం 2025 సెప్టెంబరులో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి హైదరాబాద్‌కి విమానం మొదలుపెట్టింది, రోజూ ఉండదు కాబట్టి తేదీలు అటూ ఇటూ జరిపి చూడండి. వర్జిన్ పాయింట్లకు గడువు లేదు, కంగారు పడకండి. వాటిని వర్జిన్ విమానంలోనే వాడాలని లేదు, డెల్టా, ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎం విమానాల్లోనూ చూడొచ్చు. క్రిస్‌ఫ్లయర్‌కి మూడేళ్ళ గడువు, పంపిన తేదీ క్యాలెండర్‌లో ఇవాళే రాసుకోండి, నాలాగా తర్వాత చూద్దాంలే అనుకోకండి.

ఒకరు అడిగారు, 24 గంటల్లో రద్దు చేస్తే పాయింట్లు వెనక్కి వస్తాయి కదా అని. అమెరికా నిబంధన ప్రకారం ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు ఎయిర్‌లైన్ దగ్గరే కొన్న టికెట్‌కి 24 గంటల్లో ఉచిత రద్దో, లేకపోతే ముందే 24 గంటల హోల్డో (డబ్బు కట్టకుండా అదే ధరకు పట్టి ఉంచడం) ఇవ్వాలి. నిజమే. కానీ రద్దు చేస్తే మైళ్ళు వచ్చేది ఎయిర్‌లైన్ అకౌంట్‌లోకి. బ్యాంకులోకి కాదు. పిండి పిండే.

హోంవర్క్ ఈసారి బరువే. ఒక్క పాయింటు కూడా కదపకుండా, వచ్చే వేసవిలో మీ ఊరి నుంచి హైదరాబాద్‌కి ఇద్దరికి, ఏవైనా 10 తేదీలు, మూడు ప్రోగ్రాంలలో వెతకండి. ఒక్కో దానికి మైళ్ళు, చేతి నుంచి కట్టేది, డబ్బు ధర, రానూపోనూలో సగం ధర కాగితం మీద రాసి, రెండు రకాల సెంట్లూ కట్టండి. మొత్తం 30 వరసలు. మర్నాడు పొద్దున అదే 30 మళ్ళీ చూసి, రాత్రికి రాత్రి మాయమైనవాటి మీద గీత కొట్టండి. ఆ గీతలు కొట్టిన కాగితం ఫొటో తీసి పంపినవాళ్ళ ప్రశ్నలకే వచ్చేవారం ముందు జవాబిస్తాను. ఆ జనవరి 9 కుటుంబం కూడా పంపాలి, ఈలోగా ఆ ఒక్క సీటూ పోయిందో ఉందో చెబుతూ.