యానిమల్ ఫార్మ్‌ను రెండుసార్లు చదవాలి

జార్జ్ ఆర్వెల్ 'యానిమల్ ఫార్మ్' 1945 ఆగస్టులో వచ్చింది. పది అధ్యాయాల చిన్న పుస్తకం. జంతువులు తిరగబడి పొలం యజమాని జోన్స్‌ను తరిమేస్తాయి, ఆపైన నెపోలియన్ అనే పంది పెత్తనం చేజిక్కించుకుంటుంది. రష్యా విప్లవం మీద వ్యంగ్యం ఇది. మొదలుపెట్టగానే 'నెపోలియన్ అంటే స్టాలిన్' అని అంచుల్లో రాసుకుంటూ పోతే కథ అక్కడే చచ్చిపోతుంది. మొదటిసారి రష్యా మాటే తలవకుండా, పంచతంత్రం చదివినట్టు జంతువుల కథగా చదవండి.

ఆ చదువులో ఒక్క పని మాత్రం చేయండి. జంతువులు తమకోసం గోడ మీద రాసుకున్న ఏడు సూత్రాలను నోట్‌బుక్‌లో దిగరాసుకుని, మారిన ప్రతిసారీ పాతదాని కింద కొత్తది రాయండి. "ఏ జంతువూ మంచం మీద పడుకోకూడదు" అన్నది ఆరో అధ్యాయంలో "బెడ్‌షీట్లు పరిచిన మంచం మీద పడుకోకూడదు" అవుతుంది. ఎనిమిదిలో చంపకూడదు అన్నదానికి "కారణం లేకుండా", తాగకూడదు అన్నదానికి "మితిమీరి" వచ్చి చేరతాయి. ఇంగ్లీషులో ఈ మాటలు వాక్యం చివర తగులుకుంటాయి, అతుకు కనిపిస్తుంది. తెలుగులో క్రియ చివర ఉంటుంది కాబట్టి అవి నడుమ దూరి కలిసిపోతాయి. తెలుగులో చదివేవాళ్లు ఇక్కడ ఇంకా నిదానంగా పోవాలి.

రెండో చదువుకు పేజీని మూడు గడులుగా గీయండి: కథలో జరిగింది, రష్యాలో జరిగింది, మన దగ్గర గుర్తొచ్చింది. నెపోలియన్‌కు పోటీ అయిన పంది స్నోబాల్‌ను కుక్కలు తరమడం పక్కన స్టాలిన్ ప్రత్యర్థి ట్రాట్‌స్కీ దేశ బహిష్కారం, 1929. పక్క పొలం యజమాని ఫ్రెడరిక్ కలపకు దొంగనోట్లిచ్చి, ఆపైన దాడి చేయడం పక్కన 1939 హిట్లర్-స్టాలిన్ ఒప్పందం, 1941 హిట్లర్ దండయాత్ర. చివర్లో పందులు, మనుషులు కలిసి ఆడే పేకాట పక్కన స్టాలిన్, రూజ్‌వెల్ట్, చర్చిల్ కలిసిన 1943 టెహరాన్ సమావేశం. ప్రతి జంతువుకూ ఒక మనిషిని వెతకొద్దు. తిరుగుబాటు కల చెప్పిన ముసలి పంది మేజర్‌లో మార్క్స్, లెనిన్ ఇద్దరి ఛాయలూ ఉన్నాయి. గుర్రం బాక్సర్ ఒక మనిషి కాదు, శ్రామిక వర్గం. గాడిద బెంజమిన్‌ను ఎవరి పేరుకూ కట్టేయలేం. ఆ గడి ఖాళీగా వదిలేయడమే సరైన పని.

మూడో గడి ఎందుకంటే, నల్లగొండలో చదివేవాళ్లకు జోన్స్‌ను తరిమేసే ఘట్టం రాగానే గడీ వదిలిపోయిన దొరలు, వెట్టిచాకిరి మెదులుతాయి. మెదలాలి కూడా. కానీ ఆ దొరల మీద పోరాటంలో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది 1946 జులై 4న. పుస్తకం అంతకు ముందే అచ్చయింది, కాబట్టి రచయిత దీన్ని ఉద్దేశించాడని పరీక్షలో రాస్తే తప్పు. నీతికథగా అన్వయించుకుంటే మాత్రం అది పాఠకుడి హక్కు. చాలామంది తడబడేది ఈ రెండింటినీ ఒకే గడిలో కలిపేసి.

తొమ్మిదో అధ్యాయం రెండు చదువుల్లోనూ ఆగి చదవాల్సింది. గుర్రాలకు పన్నెండేళ్లకు విశ్రాంతి అని మొదట్లోనే ఒప్పుకున్నారు. బాక్సర్ కూలబడగానే ఆస్పత్రికని బండి వస్తుంది. బండి మీద రాసింది బెంజమిన్ పైకి చదివితేగాని అది గుర్రాల్ని కోసేవాడి బండని మిగతావాటికి తెలియదు. దున్ని దున్ని అరిగిన ఎద్దును అంగడికి తోలి కోతకు అమ్మడం చూసినవాళ్లకు ఈ పేజీకి వివరణ అక్కర్లేదు. బండిని డాక్టర్ కొన్నాడనీ, పాత పేరు చెరపలేదనీ పందుల తరఫున మాట్లాడే స్క్వీలర్ చెప్పిన మాట కింద గీత గీయండి. ఆ తర్వాత పందులకు ఎక్కడినుంచో డబ్బు దొరికి, ఇంకో పెట్టె విస్కీ కొన్నాయన్న వాక్యం కిందా గీయండి. ఆ డబ్బు ఎక్కడిదో ఆర్వెల్ చెప్పడు.