రూట్ తీసేసినా బ్యాంకు యాప్ తెరుచుకోవట్లేదా? తొందరపడి బూట్‌లోడర్ లాక్ చేయకండి

మ్యాజిస్క్ (ఫోన్ సిస్టమ్‌పై పూర్తి అధికారం, అంటే రూట్, ఇచ్చే టూల్) తీసేశాను, అయినా బ్యాంకు యాప్ రానివ్వట్లేదు అంటూ నా దగ్గరికి వచ్చే ఫోన్లే ఎక్కువ. యాప్ డేటా క్లియర్ చేసుంటారు, తీసేసి మళ్లీ వేసుంటారు, ఫోన్ రీసెట్ కూడా కొట్టుంటారు. ఆన్ చేయగానే కనిపించే హెచ్చరిక తెరను మాత్రం పట్టించుకోరు. బూట్‌లోడర్ (ఆన్ చేయగానే మొదట నడిచి సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్) అన్‌లాక్ అయి ఉందని అక్కడే రాసి ఉంటుంది.

లక్షణం: బ్యాంకు, పేమెంట్ యాప్‌లు తెరుచుకోవు. కొన్ని ఫోన్లలో వైడ్‌వైన్ (వీడియోల కాపీ రక్షణ) స్థాయి ఎల్1 నుంచి ఎల్3కి పడిపోతుంది, నెట్‌ఫ్లిక్స్ 480పీ దాటదు.

కారణం: రూట్ వేరు, అన్‌లాక్ వేరు. బూట్‌లోడర్ తెరిచి ఉందన్న సంగతి ఫోన్‌లోని సెక్యూరిటీ హార్డ్‌వేరే సంతకం పెట్టి చెబుతుంది. ప్లే ఇంటిగ్రిటీ (ఫోన్‌ను నమ్మొచ్చా అని యాప్‌లకు చెప్పే గూగుల్ తనిఖీ) చూసేది దాన్ని. రూట్ తీసినా ఆ జవాబు మారదు. అన్‌లాక్ సంగతి దాచిపెట్టే మాడ్యూళ్లు కొన్నాళ్లు పనిచేసి ఒకరోజు ఆగిపోతాయి. డబ్బు వ్యవహారానికి వాటిని నమ్మకండి.

పరిష్కారం: పూర్తి స్టాక్ ఫర్మ్‌వేర్ (తయారీదారు ఇచ్చిన అసలు సాఫ్ట్‌వేర్) వేసి బూట్‌లోడర్ తిరిగి లాక్ చేయడం. అన్‌లాక్ చేసినప్పటిలాగే లాక్ చేసినా డేటా మొత్తం పోతుంది, బ్యాకప్ తీసుకోండి.

లాక్ చేయగానే "మీ డివైజ్ కరప్ట్ అయింది" అని వస్తే

నేను దెబ్బతిన్నది ఇక్కడే. స్టాక్ బూట్ ఇమేజ్ (రూట్ చేసేటప్పుడు మారే భాగం) తిరిగి వేశాను, ఫోన్ చక్కగా ఆన్ అయింది, అంతా స్టాకే కదా అని లాక్ కొట్టాను. ఆ తర్వాత ఫోన్ లేవలేదు. తప్పంతా వీబీమెటాలో (మిగతా భాగాలు అసలువేనా అని సరిచూసే సంతకాలుండే పార్టిషన్) ఉంది. ఎప్పుడో కస్టమ్ రోమ్ (తయారీదారుది కాని సిస్టమ్) వేసేటప్పుడు వెరిఫికేషన్ ఆపేసే ఆప్షన్‌తో దాన్ని ఫ్లాష్ చేసి మర్చిపోయాను. ఆ ఆప్షన్ వీబీమెటా హెడర్‌లో ఒక ఫ్లాగ్ మారుస్తుంది. దాంతో తయారీదారు సంతకం సరిపోదు. బూట్‌లోడర్ తెరిచి ఉన్నంతకాలం ఫోన్ దాన్ని చూసీచూడనట్టు వదిలేస్తుంది, అందుకే ఏ లోపమూ కనబడదు. లాక్ పడిన క్షణం నుంచి సంతకం తప్పితే బూట్ కానివ్వదు.

కాబట్టి ఒక్క బూట్ ఇమేజ్‌తో సరిపెట్టకండి. మీ మోడల్‌కి, మీ రీజియన్‌కి చెందిన ఫర్మ్‌వేర్ మొత్తం వేయండి, వీబీమెటా కూడా ఏ అదనపు ఆప్షన్ లేకుండా. అన్‌లాక్‌గా ఉండగానే ఒకసారి ఫోన్ ఆన్ చేసి, డెవలపర్ ఆప్షన్స్‌లో "ఓఈఎం అన్‌లాకింగ్" ఆన్‌లోనే ఉందో లేదో చూడండి. అందరూ వదిలేసేది ఇదే. అది ఆన్‌లో ఉంటే లాక్ బెడిసికొట్టినా చాలా ఫోన్లలో ఫాస్ట్‌బూట్ (కంప్యూటర్ నుంచి బూట్‌లోడర్‌కి ఆదేశాలిచ్చే మోడ్) నుంచి మళ్లీ అన్‌లాక్ చేసి బయటపడొచ్చు; నేను బయటపడింది అలాగే. ఆఫ్‌లో ఉంటే ఆ దారీ మూసుకుపోతుంది. పిక్సెల్ లాంటి ఫోన్లలో ఫాస్ట్‌బూట్‌నే అన్‌లాక్ ఎబిలిటీ (మళ్లీ అన్‌లాక్ చేయనిస్తుందా అని) అడగొచ్చు: 1 వస్తే ముందుకెళ్లండి, 0 వస్తే లాక్ జోలికి పోవద్దు.

మిగతావి

ఓటీఏ (ఫోన్‌కి నెట్‌లో నేరుగా వచ్చే) అప్‌డేట్ ఫెయిలైతే ఏదో పార్టిషన్ మారి ఉంటుంది, పూర్తి ఫర్మ్‌వేర్ వేస్తే సరి. సామ్‌సంగ్‌లో నాక్స్ (వాళ్ల సెక్యూరిటీ వ్యవస్థ) 0x1 చూపిస్తే మళ్లీ లాక్ చేసినా సెక్యూర్ ఫోల్డర్ రాదు, అది ఒకసారి కాలిపోయే ఫ్యూజు. పాత సోనీ ఎక్స్‌పీరియాల్లో అన్‌లాక్‌తో డీఆర్‌ఎం (కాపీ రక్షణ) కీలు పోయి కెమెరా నాణ్యత తగ్గేది. ముందే ఆ కీలుండే టీఏ పార్టిషన్ బ్యాకప్ తీసుకోకపోతే అవి తిరిగి రావు.