పిల్లల బట్టలు మన చేత్తో – 3వ పాఠం: మెడ కొయ్యాలంటే ముందు తల కొలవండి

పోయిన పాఠంలో ఎలాస్టిక్ నిక్కరు కుట్టాం కదా, చాలామందికి నడుం దగ్గర ఎలాస్టిక్ మెలిక పడిపోయి ఉంటుంది, కంగారు పడకండి అందరికీ అదే అవుతుంది, రెండు చివర్లు కలిపి కుట్టేముందు ఒకసారి గొట్టం పొడుగునా వేళ్ళతో తడుముకుంటే ఆ మెలిక తగుల్తుంది. ఇవాళ్టి నుంచి గౌను. చేతుల్లేని చిన్న కాటన్ గౌను, ఏడాది పిల్లకి. గౌనులో నిజంగా ఏడిపించేది మెడ ఒక్కటే, మిగతాదంతా నిలువు కుట్లే, అవి మీకు ఈపాటికి వచ్చేశాయి, అందుకే ఈ పాఠం మొత్తం మెడకే ఇచ్చేస్తున్నా.

నేను మొదటిసారి గౌను కుట్టింది మా అక్క కూతురికి. మెడ చుట్టూ టేపు పెట్టి చూస్తే 23 సెంటీమీటర్లు వచ్చింది, ఇంకో ఏడు వదులు ఉంటే చాలనుకుని 30కి రౌండ్ కోసి, పైపింగ్ కూడా పెట్టి, ఇస్త్రీ చేసి మరీ తీసుకెళ్ళా. తీరా తొడగబోతే నుదుటి దగ్గరే ఆగిపోయింది, కొంచెం లాగితే చెవుల మీద ఇరుక్కుంది, పిల్ల కేర్‌మని ఒకటే ఏడుపు, మా అక్క ఏమీ అనలేదుగానీ ఆ చూపు నాకింకా గుర్తే. చివరికి వెనక వైపు కత్తెరతో చీల్చి తీశాం. తర్వాత తెలిసింది ఏంటంటే ఆ చీల్చిన చోటే అసలు ఓపెన్ ఉండాల్సిన చోటు!

పెద్దవాళ్ళ బట్టలు కుట్టి వచ్చినవాళ్ళు కూడా ఇక్కడే దెబ్బతింటారు. పెద్దవాళ్ళ పొడుగులో తల దాదాపు ఎనిమిదో వంతు, అదే పుట్టిన పిల్లకి నాలుగో వంతు. ఒళ్ళు చిన్నది, మెడ ఇంకా చిన్నది, తల మాత్రం పెద్దది. కాబట్టి పిల్లల గౌనుకి మెడ కొలత అందం కోసం, తల కొలత తొడగడం కోసం, రెండూ కావాలి.

తల ఎలా కొలవాలంటే టేపు కనుబొమల పైనుంచి, చెవుల మీదుగా, వెనక బుర్ర బాగా ఉబ్బుగా ఉన్న చోటు మీదుగా తిప్పాలి. పిల్ల నిద్రపోతున్నప్పుడైతే హాయి. మామూలుగా పుట్టినప్పుడు 34, 35 ఉంటుంది, ఏడాదికి 46 దాకా వస్తుంది, ఆ తర్వాత చాలా నెమ్మది, ఐదేళ్ళకి కూడా 50, 51 అంతే. అంటే మొదటి ఏడాది దాటాక తల పెద్దగా మారదు, పొడుగు మాత్రం ఆగకుండా పెరుగుతుంది, అందుకే తల పట్టే దారి ఒకసారి 50కి పెట్టుకుని కింద అంచు మడత లోతుగా ఉంచామంటే గౌను ఇంకొన్నాళ్ళు నడుస్తుంది.

ఇప్పుడు లెక్క. భయపడకండి, కూడికే. పేపర్ మీద మెడ వెడల్పు 11, ముందు లోతు 6, వెనక లోతు 2 పెట్టి గీయండి (మడత మీద గీస్తాం కాబట్టి వెడల్పు అయిదున్నరే కనిపిస్తుంది). టేపుని నిలువుగా నిలబెట్టి ఆ వంపు వెంట నడిపిస్తే ముందూ వెనకా కలిపి మొత్తం 30 పైన కొంచెం వస్తుంది. మనకి కావాల్సింది 50. ఇరవై తక్కువ. మెడ ఇంకా పెద్దగా కోసేస్తే తల పడుతుందిగానీ భుజాల మీంచి గౌను జారిపోతుంది. దానికి బదులు వెనక మధ్యలో నిలువుగా 10 సెంటీమీటర్లు చీల్చామనుకోండి, ఆ చీలికకి అటొక అంచు, ఇటొక అంచు, అంటే పది రెళ్ళు ఇరవై, సరిగ్గా మనకి తక్కువైనంత. నాకు ఈ ముక్క ఎవరైనా ముందే చెప్పుంటే అక్క ముందు పరువు దక్కేది. మీ పిల్ల కొలత వేరైతే తల చుట్టుకొలతకి ఒక 4 కలపండి, అందులోంచి మెడ వంపు తీసెయ్యండి, మిగిలినదాంట్లో సగం చీలిక.

బట్ట గురించి రెండు మాటలు. ఒకసారి ఉతికి ఆరేసి ఇస్త్రీ చేశాకే కొయ్యాలి, మొదటి పాఠంలో చెప్పా, మళ్ళీ చెప్తున్నా ఎందుకంటే మీరు చెయ్యరు. కాటన్ మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది, మెడ ఒక సెంటీమీటరు తగ్గినా పై లెక్కంతా గోవిందా.

కోసిన వెంటనే, అంటే భుజాలు కలపకముందే, ముందు ముక్కకీ వెనక ముక్కకీ మెడ అంచు నుంచి 4 మిల్లీమీటర్ల లోపల ఒక కుట్టు వెయ్యండి, భుజం దగ్గర మొదలుపెట్టి మధ్యకి, మళ్ళీ అవతలి భుజం నుంచి మధ్యకి. వంపులో బట్ట ఏటవాలుగా తెగుతుంది కాబట్టి చేత్తో పట్టుకున్నా సాగుతుంది, ఈ కుట్టు దాన్ని కట్టిపడేస్తుంది. చాలామంది ఇది మానేసి తర్వాత మెడ అలలు అలలుగా వచ్చిందని మెషీన్‌ని తిడతారు.

ఇక చీలిక. భుజాల కంటే ముందు దీన్నే చేసుకోండి, ముక్క ఒక్కటే ఉంటుంది కాబట్టి తిప్పుకోవడం తేలిక. అదే బట్టలోంచి 7 వెడల్పు, 13 పొడుగు పట్టీ ఒకటి కొయ్యండి. వెనక ముక్క మధ్యలో మంచివైపు మీద ఈ పట్టీ మంచివైపు పడేలా పెట్టి గుండుసూదులు గుచ్చండి. సుద్దతో మెడ అంచు నుంచి కిందికి 10 గీత గీయండి. కొయ్యకూడదు, గీతే! గీతకి 3 మిల్లీమీటర్లు పక్కన మొదలుపెట్టి కుట్టుకుంటూ కిందికి రండి, వస్తూ వస్తూ గీతకి దగ్గరవుతూ చివరికి కొసలో కలిసిపోవాలి. కొసకి రెండు సెంటీమీటర్లు ఉందనగా కుట్టు పొడుగు ఒకటిన్నర మిల్లీమీటర్లకి తగ్గించండి, కొసలో సూది బట్టలో దించే ఉంచి ఫుట్ ఎత్తి తిప్పండి, అడ్డంగా ఒకే ఒక్క కుట్టు, మళ్ళీ తిప్పి అవతలి పక్క పైకి. ఆ అడ్డ కుట్టు లేకుండా సూదిగా తిప్పేస్తే పట్టీ లోపలికి తిప్పాక కొస దగ్గర నలిగి ముడత పడుతుంది, ఎంత ఇస్త్రీ చేసినా పోదు. ఇప్పుడు గీత మీద కత్తిరించండి, కొస దగ్గరికొచ్చాక కత్తెర మొనతో పోగు పోగుగా, కుట్టుకి ఒకట్రెండు పోగుల దూరం దాకా. అక్కడ ధైర్యం చాలక ముందే ఆపేస్తే బట్ట తిరగదు, ముందుకెళ్తే కుట్టు తెగుతుంది. పాత బెడ్‌షీట్ ముక్క మీద మూడు సార్లు చేశాకే అసలు దాని మీదికి రండి. తర్వాత పట్టీని లోపలికి తిప్పి ఇస్త్రీ పెట్టండి, అంచులు మడిచి కుట్టెయ్యండి.

భుజాలు కలపండి, సెంటీమీటరు మార్జిన్, ఇందులో చెప్పడానికేం లేదు.

మెడకి క్రాస్ పట్టీ. 32 సెంటీమీటర్ల చదరం ముక్క తీసుకుని మూలకి మూల మడిస్తే వచ్చే మడతే క్రాస్. ఆ మడత పట్టుకుని లాగి చూడండి, రబ్బరులా సాగుతుంది, పడుగు (బట్టలో నిలువు పోగులు) పట్టుకు లాగితే సాగదు, తేడా చేతికే తెలుస్తుంది. ఆ మడత వెంట 3 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ కోస్తే అటూ ఇటూగా 40 పొడుగు వస్తుంది, సరిపోతుంది. ఇస్త్రీ పెట్టేటప్పుడు రుద్దొద్దు, ఎత్తి ఎత్తి అద్దండి, లేకపోతే పట్టీ సన్నబడిపోతుంది. శాటిన్ రిబ్బన్ లాంటివి మెరుస్తున్నాయని పెట్టకండి, పిల్ల మెడ దగ్గర గీసుకుంటాయి.

పట్టీ మంచివైపు గౌను మంచివైపుకి పెట్టి, చీలిక ఒక అంచు దగ్గర ఒకటిన్నర సెంటీమీటర్లు బయటికి వదిలి, 7 మిల్లీమీటర్ల మార్జిన్‌తో మెడంతా కుట్టండి, రెండో అంచు దగ్గర మాత్రం 6 సెంటీమీటర్ల దాకా తోక వదలండి, దాని పని తర్వాత ఉంది. భుజాల దగ్గర పట్టీని ఉన్నదున్నట్టు పెట్టండి, ముందు వంపులో మాత్రం పట్టీని కాస్త లాగి పట్టుకోండి, గౌనుని కాదు. ఎందుకంటే మెడ లోపలికి వంగిన వంపు కదా, కుట్టు పడే చోటు కంటే మడత తిరిగే అంచు పొట్టి, లాగకుండా కుడితే ఆ అంచు ఎక్కువైపోయి మెడకి అతుక్కోకుండా పైకి లేచి నిలబడుతుంది. మరీ లాగితే ముందు భాగం కుచ్చుపడుతుంది, అది ఇంకా దరిద్రం. మార్జిన్‌లో గాట్లు పెట్టాలా అంటే అక్కర్లేదు, పట్టీ మార్జిన్‌ని చుట్టేస్తుంది, గాట్లు ఫేసింగ్ (మెడ ఆకారంలోనే ఇంకో ముక్క కోసి లోపలికి తిప్పడం) వేసేవాళ్ళకి.

ఇప్పుడు ఒకటిన్నర చివర లోపలికి మడిచి, పట్టీని మెడ మీంచి లోపలికి తిప్పి, ఉన్న అంచు మడిచి చేత్తో హెమ్మింగ్ చెయ్యండి, సూది ఇందాకటి మెషీన్ కుట్టులోంచే తీసుకుంటే బయటికి ఏమీ కనపడదు. మెషీన్‌తో పైకుట్టు వెయ్యొచ్చుగానీ మొదటి గౌనుకి వద్దు, వంకర వస్తే ముందు కనపడేది మెడే.

తోకని రెండంచులూ లోపలికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి కుట్టేస్తే సన్నటి తాడవుతుంది, దాన్ని గుండీ పట్టేంత ఉంగరంలా వంచి కొస పట్టీ లోపల దూర్చి గట్టిగా కుట్టండి. కాజా కుట్టడం రాకపోయినా పని జరిగిపోయింది. రెండు వైపులా తాళ్ళు పెట్టి వెనక ముడి వేద్దాం, ముద్దుగా ఉంటుంది అనుకునేవాళ్ళకి ఒక మాట, మెడ దగ్గర తాళ్ళు దేనికైనా చిక్కుకుంటే పిల్లకి ఉరి బిగుస్తుంది, యూరప్‌లో ఈఎన్ 14682 అనే ప్రమాణం ఏడేళ్ళలోపు పిల్లల బట్టలకి మెడ దగ్గరా టోపీ దగ్గరా లాగే తాళ్ళు అసలు ఒప్పుకోదు.

గుండీ కూడా అంతే జాగ్రత్త. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలకి అమెరికాలో ఒక పరీక్ష ఉంది, 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టంలో పూర్తిగా పట్టేసే ముక్క ఏదైనా గొంతులో పడే ప్రమాదం ఉన్నదాని కిందే లెక్క. మనం పిల్లల గౌన్లకి పెట్టే ఏ గుండీ తీసుకున్నా అందులో పడిపోతుంది. అందుకే రెండు పేటల దారంతో ఒక్కో కన్నంలోంచి ఐదారు సార్లు తిప్పి, గుండీ కింద నాలుగు చుట్లు చుట్టి, వెనక ముడి వేసి ఆ ముడిలోంచి ఇంకోసారి తియ్యండి. తర్వాత గుండీని రెండు వేళ్ళతో పట్టుకుని బట్ట చిరిగిపోతుందేమో అనిపించేంత గట్టిగా గుంజండి. ప్రతి ఉతుకు తర్వాతా అలాగే ఒకసారి గుంజి చూడాలి, దారం వదులైతే ఆ రోజే మళ్ళీ కుట్టాలి.

తొడిగి చూసేటప్పుడు గుండీ తీసేసి, చీలిక రెండు వైపులా బొటనవేళ్ళు పెట్టి తెరిచి, బుర్ర వెనక నుంచి ముందుకి తెండి. చంకలు ఇంకా పచ్చి అంచులతోనే ఉంటాయి, వాటిని అలాగే వదిలెయ్యండి, నాలుగో పాఠంలో మిగిలిన క్రాస్ ముక్కలతో వాటి పని చూద్దాం, కాబట్టి ఆ ముక్కలు పారెయ్యకండి.