నిద్రలో పోయిన పసిబిడ్డ కేసు: బొమ్మ పట్టుకుని ఆ ఇంటికి వెళ్లండి

రాత్రి రెండింటికి పాలు తాగింది, పడుకుంది. జ్వరం లేదు, దగ్గు లేదు. తెల్లారి లేపబోతే ఒళ్లు చల్లగా ఉంది. ఇలాంటి బిడ్డని క్యాజువాలిటీకి తెచ్చినప్పుడు మన దగ్గర ఎక్కువసార్లు జరిగేది ఒకటే. "పాలు పొలమారి ఉంటాయి" అని ఎవరో ఒకరు అంటారు, అదే కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది, సాయంత్రానికల్లా పూడ్చిపెట్టేస్తారు. ఇక ఆ తల్లి "పడుకుని పాలిచ్చింది, బిడ్డని పోగొట్టుకుంది" అన్న మాట బతికినన్నాళ్లూ మోస్తుంది. ఫోరెన్సిక్ మెడిసిన్‌లో పనిచేసే డాక్టర్‌గా చెబుతున్నా, ఆ ఒక్క ముక్క రాసే ముందు చెయ్యాల్సిన పని చాలా ఉంది. ఎస్‌ఐలు, హౌస్‌సర్జన్లు, పీజీలు, ఏఎన్‌ఎంలు, ఇది మీ కోసమే.

పొలమారడం సంగతి ముందు తేల్చుకుందాం. ప్రాణం పోయేటప్పుడు, పోయాక, సీపీఆర్ చేసేటప్పుడు కూడా కడుపులోని పాలు గొంతులోకి, ఊపిరి గొట్టంలోకి ఎగదన్నుకొస్తాయి. అక్కడ పాలు కనిపించాయి కాబట్టి పాల వల్లే పోయిందని తేల్చేయడం కుదరదు. ముక్కులో గులాబీ రంగు నురగ కనిపించినా అంతే, అది చూసి విషం అనుకోవద్దు. గుండె మీద, ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి మీద సన్నటి రక్తపు చుక్కలు కనిపిస్తే నొక్కి చంపారనీ కాదు, ఏ కారణమూ దొరకని బిడ్డల్లో చాలామందికి అవి ఉంటాయి. ముఖం మీద, కళ్ల లోపలి పొర మీద చుక్కలుంటే మాత్రం ఆగి, జాగ్రత్తగా చూడాలి.

అసలు ఇబ్బంది ఏంటంటే, మెత్తటి బొంతలో ముక్కు మూసుకుపోయి పోయిన బిడ్డకీ, కారణమే దొరకని బిడ్డకీ పోస్టుమార్టం బల్ల మీద తేడా కనిపించదు. ఆ తేడా తెలిసేది పడుకున్న చోటే. అందుకే సిడ్స్ (పసిబిడ్డ కారణం తెలియకుండా హఠాత్తుగా పోవడం) అనే పేరు ఊరికే పెట్టేది కాదు. ఏడాది లోపు బిడ్డకి పూర్తి పోస్టుమార్టం చేసి, చనిపోయిన చోటు చూసి, ఆరోగ్య చరిత్ర మొత్తం తిరగేశాక కూడా ఏమీ దొరక్కపోతేనే ఆ మాట వాడాలి. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్లు ఈ చావుల దర్యాప్తు కోసం 1996లోనే ఒక ఫారం తయారుచేశారు, బిడ్డ సైజు బొమ్మతో ఏం జరిగిందో చూపించమనడం అక్కడి శిక్షణలో భాగం. ఆ పద్ధతి మన ఇళ్లకీ చక్కగా సరిపోతుంది.

ఆస్పత్రిలో ఉన్నవాళ్లు బిడ్డకి స్నానం చేయించొద్దు, బట్టలు, డైపర్ తీసేయొద్దు. గొంతులో పెట్టిన ట్యూబు, సూది పెట్టిన కాన్యులా అలాగే ఉంచండి, లేకపోతే మీరు చేసిన గుర్తులే రేపు గాయాలుగా రిపోర్టులోకి వస్తాయి. ఒంటి వేడి ఎంత, ఏ టైముకి చూశారో రాయండి. నెత్తురు దిగి ఎర్రగా పేరుకున్న మచ్చలు, అదే లివిడిటీ, ఎటువైపు ఉన్నాయో వెంటనే ఫొటో తీయండి. అది సుమారు 6 నుంచి 12 గంటల్లో స్థిరపడుతుంది, ఆలోపు మనం బిడ్డని ఎటు తిప్పితే అటు మారిపోతుంది. వెల్లకిలా పడుకోబెట్టామని చెప్పిన బిడ్డకి ముక్కు చివర, గడ్డం దగ్గర తెల్లగా ఉండి చుట్టూ ఎర్రగా ఉందంటే, పోయేటప్పటికి బోర్లా ఉందేమో అడగాలి. నడుం కింద, పిర్రల మీద నీలం మచ్చలు మన బిడ్డల్లో పుట్టుకతోనే ఉంటాయి, వాటిని దెబ్బలని రాసేవాళ్లని నేను చూశాను. చీమలు కుట్టిన చోట్లు కూడా కాలిన గాయాల్లా, గీసుకుపోయినట్టు కనిపిస్తాయి.

తల్లి బిడ్డని ఎత్తుకుంటానంటే ఇవ్వండి. పక్కన ఒక నర్సు ఉంటే చాలు, సాక్ష్యం ఏమీ పాడైపోదు.

ఇక ఇంటికి. ఎస్‌ఐ కొత్త నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 194 సెక్షన్ కింద, అంటే పాత సీఆర్‌పీసీ 174 కింద, పంచనామాకి ఎలాగూ వెళ్తాడు. ఆ రోజే, లేదంటే మర్నాటిలోపు బొమ్మతో వెళ్లాలి. ఆలస్యమైతే పక్కబట్టలు ఉతికేస్తారు, ఉయ్యాల విప్పేస్తారు, చుట్టాలు తలా ఒక కథ చెప్పాక ఇంట్లోవాళ్లకి జ్ఞాపకాలు కలిసిపోతాయి.

బొమ్మ కొనక్కర్లేదు. మందపాటి కాటన్ గుడ్డతో బిడ్డ పొడవుకి సరిపడా కుట్టించి, లోపల బియ్యం పోసి, ఆ బిడ్డ చివరిసారి తూగిన బరువుకి తెండి. తల నిలబడకుండా వాలిపోయేలా ఉండాలి, అదే ముఖ్యం. ముఖం గీయొద్దు, ముక్కూ నోరూ ఉండే చోట ఒక గుర్తు చాలు. బిడ్డ చొక్కా దానికి తొడగొద్దు. సంచిలోంచి టక్కున తీసి చేతిలో పెట్టొద్దు, ముందే చెప్పండి: "అమ్మా, నా దగ్గర ఒక గుడ్డ బొమ్మ ఉంది. పాపని ఎలా పడుకోబెట్టారో, పొద్దున ఎలా కనిపించిందో దీంతో చూపిస్తే మాటల్లో కంటే బాగా అర్థమవుతుంది. ఇప్పుడు చెయ్యలేనంటే కాసేపాగి చేద్దాం." యూనిఫాం వాళ్లు నలుగురు గుమ్మంలో నిలబడి ఉండగా ఏ తల్లీ నిజం గుర్తు తెచ్చుకోలేదు, ఒకరు ఉండి మిగతావాళ్లు బయటికెళ్లండి.

మూడు సంగతులు చూపించమనాలి. పడుకోబెట్టినప్పుడు ఎలా ఉంది, చివరిసారి ప్రాణంతో చూసినప్పుడు ఎలా ఉంది, చలనం లేకుండా చూసినప్పుడు ఎలా ఉంది. పడుకోబెట్టింది తల్లి, చూసింది నాయనమ్మ అయితే ఎవరిది వాళ్లచేత విడివిడిగా చేయించండి. అదే చాప, అదే బొంత, అదే దిండు ఉండాలి. పక్కన ఎవరు ఏ వైపు పడుకున్నారో, మధ్యలో ఎంత జాగా ఉందో టేపుతో కొలవండి. ప్రతిదాన్నీ నాలుగు వైపుల నుంచీ, పైనుంచీ, ముఖం దగ్గరగా ఫొటో తీయండి. "మీరు మీద పడ్డారా?" అని అడగొద్దు. "అప్పుడు మీ చెయ్యి ఎక్కడుంది?" అని అడగండి. తల్లి పక్కన పడుకోవడం మన ఇళ్లలో నేరం కాదు, ఉన్న ఇంట్లో ఉన్నట్టే పడుకుంటారు. కానీ ఆ రాత్రి పక్కనున్నవాళ్లు మందు తాగారా, నిద్రమాత్ర వేసుకున్నారా అన్నది మాత్రం అడిగి తీరాలి.

ఒక ఇంట్లో జరిగింది చెబుతా. మూడు నెలల బాబు, చీర ఉయ్యాలలో పోయాడు. అంతకుముందు చూసిన ఆస్పత్రి కాగితం మీద షరా మామూలే, పాలు పొలమారి అని ఉంది. నాయనమ్మ బొమ్మని తీసుకుని, రెండు చేతుల్తో చీర విప్పి, సరిగ్గా రోజూ చేసినట్టే పడుకోబెట్టింది. చేతులు తియ్యగానే బరువుకి చీర దిగింది, రెండు అంచులూ దగ్గరికొచ్చి కలిశాయి, బొమ్మ గడ్డం గుండెకి ఆనుకుంది, ముక్కు గుర్తు మీదికి బట్ట వచ్చేసింది. ఎవ్వరం మాట్లాడలేదు. ఆవిడే బట్ట పక్కకి తీసి, "ఇట్టా అవుద్దని ఎవరూ చెప్పలేదయ్యా" అంది. కోడలు పాలిచ్చిన తీరు వల్ల కాదని ఆ ఇంట్లో అందరూ కళ్లారా చూశారు. ఆ నిమిషం లేకపోతే నేను రాసే రిపోర్టులో ఆ ఉయ్యాల ఊసే ఉండేది కాదు.

బాలింత గదిలో ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. తలుపులు మూసి కుంపటి పెట్టారా? పెడితే రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పరీక్ష అడగండి. లివిడిటీ చెర్రీ పండు రంగులో ఉంటే అది గుర్తే, కానీ ఫ్రీజర్‌లో పెట్టిన శవానికీ ఆ రంగు వస్తుంది, రంగు చూసి తేల్చొద్దు. గది వేడి ఎంత, ఎన్ని బట్టలు చుట్టారు, ఆవాల దిండు ఉందా, సాంబ్రాణి పొగ ఎప్పుడు వేశారు? నిద్ర పట్టాలని దగ్గు సిరప్ గానీ, నాటు మందు గానీ పట్టారా? ఆ సీసా తీసుకురండి. నేల మీద పడుకున్న బిడ్డ అయితే కట్లపాము సంగతి మర్చిపోవద్దు, దాని కాటు సరిగ్గా కనిపించదు కూడా.

టీకా గురించి ఇంట్లోవాళ్లు అడుగుతారు. సిడ్స్ ఎక్కువగా వచ్చేది రెండు నుంచి నాలుగు నెలల వయసులో, మన 6, 10, 14 వారాల టీకాలూ అప్పుడే పడతాయి. టీకా సిడ్స్‌కి కారణం కాదు. అయినా ఈ మధ్యే టీకా వేసి ఉంటే మెడికల్ ఆఫీసర్‌కి వెంటనే చెప్పి ఏఈఎఫ్ఐ (టీకా తర్వాత వచ్చిన ఇబ్బంది) కింద రిపోర్ట్ చెయ్యాల్సిందే, తేదీ, బ్యాచ్ నంబరు రాసుకోండి. దాచిపెడితే ఊళ్లో అనుమానం పెరిగి పక్కింటి బిడ్డకి కూడా టీకా ఆగిపోతుంది.

పోస్టుమార్టంలో కొయ్యకముందే ఒళ్లంతా ఎక్స్‌రే, పాత విరుపులు ఉంటే అక్కడే బయటపడతాయి. రక్తం, వెన్నునీరు కల్చర్‌కి, అంటే సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూసే పరీక్షకి, శుభ్రంగా, మొదట్లోనే తీయాలి. కంటి లోపలి ద్రవంలో సోడియం చూస్తే నీళ్లు తగ్గిపోయి పోయిందా అన్నది తెలుస్తుంది. ఫిల్టర్ కార్డు మీద నాలుగు రక్తపు చుక్కలు ఆరబెట్టి పంపితే పుట్టుకతో వచ్చే మెటబాలిక్ జబ్బులు కొన్ని దొరుకుతాయి. గుండె, ఊపిరితిత్తులు, మెదడు ముక్కలు పాథాలజీకి. విసెరా, అంటే విషం పరీక్షకి తీసే లోపలి అవయవాల ముక్కలు, ఒక్కటే ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్)కి పంపి చేతులు దులుపుకోవద్దు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఇంగ్లండ్‌లో శాలీ క్లార్క్‌కి ఇద్దరు కొడుకులు పోతే 1999లో హంతకురాలని శిక్ష వేశారు. 'ఇలా జరగడం 7.3 కోట్లలో ఒక్కసారే' అని ఒక పెద్ద డాక్టర్ కోర్టులో చెప్పిన లెక్క తప్పు. రెండో బాబు కల్చర్ రిపోర్టులో బాక్టీరియా వచ్చిన సంగతి పాథాలజిస్టు బయటపెట్టలేదు. 2003లో ఆమెని వదిలేశారు. ఆస్ట్రేలియాలో కాథ్లీన్ ఫోల్బిగ్ అయితే నలుగురు బిడ్డల్ని పోగొట్టుకుని, 20 ఏళ్లు జైల్లో ఉండి 2023లో బయటికొచ్చింది. ఆమె ఇద్దరు కూతుళ్లలో గుండె లయని దెబ్బతీసే కాల్‌ఎమ్2 జన్యు మార్పు ఉంది. కారణం దొరకని ప్రతి కేసులో తల్లిదండ్రులకీ, మిగతా పిల్లలకీ ఒక ఈసీజీ రాయండి.

అన్నీ చూశాక కూడా తెలియకపోతే "కారణం నిర్ధారణ కాలేదు" అనే రాయండి. ఊహించి రాసిన కారణాన్ని ఆ ఇల్లు తీర్పులా పట్టుకుంటుంది. రిపోర్టులు వచ్చాక ఫోన్‌లో కాకుండా పిలిపించి, లేదా ఏఎన్‌ఎంని తోడు తీసుకెళ్లి చెప్పండి. మొదటి రోజే తల్లిని పక్కకి పిలిచి ఇంకో మాట కూడా చెప్పాలి, మగ డాక్టర్లు మొహమాటపడి వదిలేస్తారు. బిడ్డ లేకపోయినా పాలు దిగుతాయి, రెండో రోజుకి రొమ్ములు రాయిలా అయి జ్వరం వచ్చినట్టుంటుంది. చల్లటి గుడ్డ వెయ్యమనండి, నొప్పి తగ్గేంత వరకే పిండమనండి, పూర్తిగా పిండితే ఇంకా వస్తాయి. మరీ ఇబ్బందిగా ఉంటే గైనిక్ డాక్టర్ దగ్గర మాత్ర ఉంటుంది. ఆ డాక్టర్ నంబరు చీటీ మీద రాసి ఆమె చేతికే ఇవ్వండి.