గిటారు మెడ వంగిందా? చెక్క కొన్న రోజు గుర్తు చేసుకోండి

మా విజయనగరం వైపు గిటారు చేద్దామనుకున్నవాడు ముందు పనస దుంగే చూస్తాడు. పక్కన బొబ్బిలి ఉంది మరి. అక్కడ గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారు. ఆ ధైర్యంతోనే నేనూ మొదటి గిటారుకి పై పలక పనసతో వేశాను. తీగ మీటితే బియ్యం డబ్బా తట్టినట్టు మోగింది.

మోత మూగగా ఉంది, వెంటనే ఆగిపోతోంది

గిటారు పై పలక తేలిగ్గా ఉండాలి, అయినా వంగకూడదు. స్ప్రూస్, సెడార్ చెక్కలకి ఆ గుణం ఉంది. పనస వాటికంటే బరువు. పై పలకకి స్ప్రూస్ తెప్పించి 3 మిల్లీమీటర్ల లోపు చిత్రిక పట్టండి. పనసని వెనక పలకకి, పక్కలకి వాడండి, బాగుంటుంది. ఇప్పటికే బిగించేసి ఉంటే లోపలి బద్దలని కొద్దికొద్దిగా చెక్కి చూడండి. కొంత తేడా వస్తుంది, అంతకు మించి ఆశపడకండి.

మెడ వంగింది లేదా మెలి తిరిగింది

నా దగ్గరికి ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. అందరూ చెక్క పేరు అడుగుతారు, ఎంత ఆరిందని ఒక్కరూ అడగరు. కోత మిల్లువాడు "ఎండిపోయింది బాబూ" అంటాడు. పైన ఎండి ఉంటుంది, లోపల పచ్చే. అంగుళం మందానికి ఏడాది నీడలో ఆరనివ్వాలన్నది పాత లెక్క. నేనైతే ముక్క మీద తేదీ రాసి వారం వారం తూస్తాను. బరువు తగ్గడం ఆగితేనే ఉలి పడుతుంది.

రెండోది కోత. ముక్క కొన వైపు చూడండి. మెడ ముక్కలో వలయాల గీతలు నిలువుగా ఉండాలి. చెక్క వలయాల వెంట కుంచించుకునేది, వాటికి అడ్డంగా కుంచించుకునేదానికి సుమారు రెట్టింపు. అందుకే అడ్డదిడ్డంగా కోసిన ముక్క మెలి తిరుగుతుంది.

ముందుకు వంగితే ట్రస్ రాడ్‌ని, అంటే మెడ లోపల ఉండే ఇనుప కడ్డీని, పావు చుట్టు చొప్పున బిగించి, ఒక రోజు ఆగి చూడండి. మెలి తిరిగితే రాడ్ ఏమీ చేయలేదు, మెడ మార్చాల్సిందే.

ఏసీ గదిలో పలక చీలింది, ఫ్రెట్ల (మెడ మీది లోహపు కమ్మీల) కొనలు చేతికి గుచ్చుకుంటున్నాయి

రెండింటికీ మూలం ఒకటే. గాలిలో తేమ 75 శాతం ఉంటే చెక్కలో 14 శాతం దాకా నిలుస్తుంది. ఏసీ ఆ గాలిని 45 శాతానికి దించితే చెక్కలో 8 శాతమే మిగులుతుంది. అంటే కుంచించుకుంటుంది. తడి స్పాంజిని చిల్లుల డబ్బాలో పెట్టి గిటారు పెట్టెలో వారం ఉంచండి. చీలిక మూసుకున్నాకే జిగురు పెట్టి, లోపల అడ్డంగా చిన్న చెక్క బిళ్లలు అతికించండి. ఫ్రెట్లకి ఆకురాయి చాలు.

బ్రిడ్జి ఊడొస్తోంది

బ్రిడ్జి, అంటే పలక మీద తీగలు బిగించే దిమ్మ, ఎక్కువగా రోజ్‌వుడ్‌తో చేస్తారు. ఆ చెక్కలో నూనె ఉంటుంది, జిగురు పట్టదు. అతికించే ముందు అసిటోన్‌తో తుడవండి.

పిండి రాలుతోంది

చేవ వదిలేసి తెల్ల చెక్క వాడారు, పురుగు పట్టింది. అది చేవ జోలికి అంతగా పోదు.

దెబ్బ తగలకుండానే మెడ అడ్డంగా విరిగింది

2018లో తిత్లీ తుపానుకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో తోటలు నేలకూలాయి. అలా గాలికి పడిన చెట్టు మానులో నారలు లోపలే నలిగి ఉండొచ్చు. చవకగా వస్తోందని కొనే ముందు ఒక ముఖం చిత్రిక పట్టించి, ఏటవాలు వెలుతురులో చూడండి. అడ్డంగా సన్నటి ముడతలు కనిపిస్తే అది గిటారుకి పనికిరాదు. పీటలు చేయించుకోండి.